డిస్కుకి ఎన్ని గట్లు కావాలి?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్టు ఇచ్చే మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కి పనికిరాని పాత లాప్‌టాపులన్నిటికీ ఒక్కసారిగా లినక్సు యోగం పట్టింది. బహ్రెయిన్‌లో మాకు సెలవులు శుక్ర, శనివారాలు. బుదైయాలో మా చుట్టుపక్కల ఉండే తెలుగు మిత్రులకి లినక్సు స్థాపించుకోవాలనే బుద్ధి సరిగ్గా శుక్రవారమే పుడుతుంది. చలికాలంలో శనివారం పొద్దున బొటానికల్ గార్డెన్లో రైతులు పెట్టే సంతకి వెళ్తే, అక్కడ టమాటాలు ఏరుకుంటూ కూడా అదే ప్రశ్న: "అన్నా, లినక్సు వేస్తున్నా. సీకి ఎంత ఇవ్వమంటావు, డీకి ఎంత?"

లినక్సులో సీ, డీలు ఉండవురా బాబూ అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ ప్రశ్న వెనక ఉన్న భయం న్యాయమైనదే. స్థాపనలో మిగతా తెరలన్నీ తప్పు నొక్కినా తరవాత దిద్దుకోవచ్చు. భాష మార్చుకోవచ్చు, టైమ్‌జోను మార్చుకోవచ్చు, పాస్‌వర్డు మార్చుకోవచ్చు. డిస్కుని పార్టిషన్లుగా విడగొట్టే తెర మాత్రం అలాంటిది కాదు. అక్కడ తొందరపడితే పిల్లల మొదటి పుట్టినరోజు ఫొటోలు పోతాయి. అక్కడ ఆలోచించకుండా అంకెలు వేస్తే రెండేళ్ళ తరవాత ఏ అర్ధరాత్రో "చోటు లేదు" అనే సందేశం ఎదురవుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పార్టిషన్ అంటే పొలంలో గట్టు లాంటిది. గట్టు వేసే ముందు అది దేన్ని ఆపుతుందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెప్పగలిగితే వెయ్యండి, చెప్పలేకపోతే వద్దు. ఇంటి లాప్‌టాపుకి సాధారణంగా ఒక్క గట్టు చాలు. సర్వరుకి మూడో నాలుగో కావాలి. ఎన్ని గట్లు వేసినా అవి బ్యాకప్ మాత్రం కావు. ఇవన్నీ ఎందుకంటున్నానో చూద్దాం.

ముందు మన సీ, డీ అలవాటు సంగతి. 2000ల మొదట్లో మన ఊళ్ళలో అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్లు గుర్తున్నాయి కదా! నలభై గిగాబైట్ల డిస్కుని నాలుగు ముక్కలు చేసి ఇచ్చేవాళ్ళు. సీలో విండోస్, డీలో సాఫ్టువేర్లు, ఈలో పాటలు, ఎఫ్‌లో సినిమాలు. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. కానీ అందులో ఒక మంచి ఆలోచన ఉంది. వైరస్ వచ్చినా, విండోస్ మొరాయించినా, సీని ఫార్మాట్ చేసేస్తే చాలు, డీ మొదలు మిగతావి పదిలం. అంటే సొంత సామాను ఒక పక్క, వ్యవస్థ మరో పక్క. ఆ గట్టుకి అర్థం ఉంది. పాటలకీ సినిమాలకీ మధ్య వేసిన గట్టుకి ఏ అర్థమూ లేదు. ఈలో చోటు అయిపోయి, ఎఫ్ సగం ఖాళీగా ఉండి, పాటలు సినిమాల్లోకి చేరిపోయాక ఏది ఎక్కడుందో వెతుక్కోవడమే మిగిలేది.

యూనిక్సు కుటుంబంలో డ్రైవు అక్షరాలు లేవు. రూటు నుంచి మొదలయ్యే చెట్టు ఒక్కటే. ఏ పార్టిషన్నైనా ఆ చెట్టులో ఒక కొమ్మకి తగిలిస్తారు. దీన్నే మౌంటు చెయ్యడం అంటారు. వాడేవాడికి /హోమ్ అనే డైరెక్టరీ కనిపిస్తుంది, అంతే. అది వేరే పార్టిషనా, వేరే డిస్కా, ఇంకెక్కడో ఉన్న సర్వరా అన్నది అతనికి తెలియనక్కర్లేదు. ఎక్కడ గట్టు వెయ్యాలో మనమే నిర్ణయించుకునే స్వేచ్ఛ ఇక్కడినుంచే వచ్చింది.

ఈ ఏర్పాటుకి మూలం చూడాలంటే 1974లో డెనిస్ రిచీ, కెన్ థాంప్సన్ యూనిక్సు గురించి ఏసీఎం పత్రికలో ప్రచురించిన వ్యాసం చదవాలి. బెల్ ల్యాబ్స్‌లో వాళ్ళ పీడీపీ-11 యంత్రానికి ఒక మెగాబైటు స్థిర డిస్కు, 2.5 మెగాబైట్ల చిన్న డిస్కులు నాలుగు, 40 మెగాబైట్ల పెద్ద డిస్కు ఒకటి ఉండేవి. రూటు డైరెక్టరీ ఆ చిన్న స్థిర డిస్కు మీద ఉండేది. వాడుకరుల ఫైళ్ళు పెద్ద డిస్కు మీద ఉండేవి. యంత్రం మొదలవగానే పెద్ద డిస్కుని చెట్టుకి తగిలించేవాళ్ళు. అంటే అప్పటి గట్లు ఎవరో సిద్ధాంతం ఆలోచించి వేసినవి కావు. డిస్కు నిండిపోతే సామాను పక్క డిస్కులోకి జరిపారు, అంతే. ఇవాళ మన ఫోను తీసే ఒక ఫొటో ఆ స్థిర డిస్కులో పట్టదు!

ఆ అవసరం తీరిపోయినా ఆచారం మిగిలిపోయింది. వాడుకరుల కోసమని పేరు పెట్టిన /యూఎస్ఆర్‌లోకి ప్రోగ్రాములు వచ్చి చేరాయి, వాడుకరులు /హోమ్‌కి వెళ్ళిపోయారు. రూటులో ఒక బిన్, /యూఎస్ఆర్‌లో ఇంకో బిన్ దశాబ్దాల పాటు వేరువేరుగా బతికాయి. 2012లో ఫెడోరా 17 ఆ రెంటినీ కలిపేసింది. 2023లో వచ్చిన డెబియన్ 12 అయితే కలిపిన పద్ధతి తప్ప వేరేది ఒప్పుకోలేదు. అయినా ఇప్పటికీ కొన్ని పాత పాఠాలు చూసి /యూఎస్ఆర్‌కి ప్రత్యేకంగా పార్టిషన్ ఇచ్చేవాళ్ళున్నారు. అదేం ఆపుతుందని అడిగితే సమాధానం ఉండదు. "పెద్దవాళ్ళు అలా చేసేవాళ్ళు" అన్నది పెళ్ళితంతుకి సరిపోతుందేమో గానీ డిస్కుకి సరిపోదు.

మరి సరైన కారణాలేమిటి? నాకు తెలిసి మూడే.

మొదటిది, వ్యవస్థని చెరిపి మళ్ళీ వేసినా మిగలాల్సినవి మిగలడం. మన ఫైళ్ళు, మన సెట్టింగులు /హోమ్‌లో ఉంటాయి. దానికి వేరే పార్టిషన్ ఉంటే ఉబుంటు తీసి డెబియన్ వేసుకున్నా, డెబియన్ తీసి ఫెడోరా వేసుకున్నా /హోమ్‌ని ఫార్మాట్ చెయ్యవద్దని చెప్పి పాతదాన్నే తగిలించుకోవచ్చు. మన పాత డీ డ్రైవు ఆలోచన ఇదే.

రెండోది, పెరిగేదాన్ని అదుపులో పెట్టడం. /వార్‌లో లాగులు, డేటాబేసులు, ఉత్తరాల వరసలు, డాకర్ బొమ్మలు చేరుతూ ఉంటాయి. ఒక ప్రోగ్రాముకి పిచ్చెక్కి సెకనుకి వెయ్యి లాగు వాక్యాలు రాస్తూ పోతే, గట్టు లేని చోట మొత్తం రూటు నిండిపోతుంది. అప్పుడు తాత్కాలిక ఫైలు రాసుకోవడానికి కూడా చోటుండదు, దాంతో మరమ్మతు చెయ్యడమే కష్టమవుతుంది. గట్టు ఉంటే లాగులు మునుగుతాయి, యంత్రం తేలుతుంది.

మూడోది, ఒక్కో చోట ఒక్కో నియమం పెట్టడం. /టెంప్‌లో ఎవరైనా రాయొచ్చు కాబట్టి అక్కడినుంచి ప్రోగ్రాములు నడవకూడదని మౌంటు చేసేటప్పుడే చెప్పొచ్చు. ఈ పద్ధతిని చివరిదాకా తీసుకెళ్ళింది ఓపెన్‌బీఎస్‌డీ. దాని స్థాపకం పెద్ద డిస్కు కనిపిస్తే రూటు, /టెంప్, /వార్, /యూఎస్ఆర్, /హోమ్ వగైరాలు అన్నిటికీ తనంతట తనే వేరువేరు పార్టిషన్లు ఇచ్చేస్తుంది. చూడ్డానికి చాదస్తంగా ఉంటుంది గానీ ప్రతి గట్టుకీ ఒక కారణం ఉంది. ఉదాహరణకి జ్ఞాపకంలో ఒకే చోట రాయడం, నడపడం రెండూ కుదరకూడదన్న నియమం నుంచి 2016లో 6.0తో మొదలుపెట్టి /యూఎస్ఆర్/లోకల్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు పార్టిషన్ హద్దు దగ్గరే ఆగిపోతుంది. గట్టు లేకపోతే ఆ మినహాయింపు పొలమంతా పారేది.

ఈ మూడింటిలో ఒక్కటీ వర్తించని పార్టిషన్ దండగ అని నా వాదన. ఎందుకంటే గట్టుకి ఖర్చుంది. గట్లు ఎక్కువైన కొద్దీ సాగయ్యే నేల తగ్గుతుందని గోదావరి జిల్లా రైతుని అడిగినా చెప్తాడు. రూటుకి 20 గిగాబైట్లు చాలని ఒకప్పుడు రాసేవాళ్ళు, అప్పటికి అది నిజమే. ఇప్పుడు రెండు మూడు ఫ్లాట్‌ప్యాక్ అప్లికేషన్లు, వాటి వెంట వచ్చే రన్‌టైములు, నాలుగు డాకర్ బొమ్మలు వేసేసరికి అది నిండిపోతుంది. పక్కన /హోమ్‌లో మూడొందల గిగాబైట్లు ఖాళీగా పడుంటాయి. రూటుని పెంచుదామంటే దాని వెనకే /హోమ్ ఉంది. /హోమ్‌ని ముందు చివరనుంచి కాక మొదటినుంచి కుదించాలి, అంటే లోపలి సామానంతా కుడికి జరపాలి. అది గంటల పని, మధ్యలో కరెంటు పోతే దేవుడే దిక్కు.

కొంతమంది మిత్రులు దీన్ని చూపించే "అసలు గట్లే వద్దు, మొత్తం ఒకే పార్టిషన్" అంటారు. వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. ఒక్కటే పార్టిషన్ అయితే చోటు ఎక్కడా చిక్కుకుపోదు, కొత్తగా నేర్చుకునేవాడు అయోమయపడడు. డెబియన్ స్థాపకం కూడా కొన్ని దారులు చూపిస్తుంది: అన్నీ ఒకే పార్టిషన్లో, /హోమ్ వేరుగా, ఇంకా ఇలాంటివి. మొదటిది కొత్తవాళ్ళకి మంచిదని సలహా కూడా ఇస్తుంది. నేను ఒప్పుకోనిది ఒక్కచోటే. కొత్తవాడే కదా ప్రయోగాలు చేసి ఆర్నెల్లకోసారి వ్యవస్థని చెరిపి మళ్ళీ వేసుకునేది! /హోమ్ గట్టు అందరికంటే అతనికే ఎక్కువ అవసరం.

ఇక గట్టు ప్రయోజనం కావాలి, చోటు చిక్కుకుపోవడం వద్దు అనేవాళ్ళకి ఇప్పుడు మధ్యేమార్గం ఉంది. 2020 అక్టోబరులో ఫెడోరా 33 డెస్క్‌టాపు రకాలకి బీటీఆర్ఎఫ్ఎస్ మామూలు ఎంపిక అయింది. అందులో రూటు, /హోమ్ రెండూ ఒకే ఖాళీని పంచుకునే ఉపవిభాగాలు. 2014 జనవరిలో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 10.0 నుంచి జెడ్ఎఫ్ఎస్ మీద రూటుని స్థాపకం నుంచే పెట్టుకునే వీలు వచ్చింది. ఇందులోనూ అంతే, ఒక చెరువు, దానినుంచి ఎన్నో కాలవలు. ఏ కాలవకి ఎంతకి మించి పారకూడదో, ఏ కాలవకి ఎంత తప్పకుండా మిగలాలో తరవాత కూడా నిర్ణయించుకోవచ్చు. కానీ ఒకటి గమనించాలి. ఆ పరిమితులు పెట్టకుండా వదిలేస్తే ఒక కాలవ చెరువంతా తాగేస్తుంది. మొదటి కారణానికి ఉపవిభాగాలు వాటంతట అవే సరిపోతాయి, రెండో కారణానికి మాత్రం మీరు పూనుకోవాల్సిందే.

చోటు నిండిపోవడం చిన్న విషయమని ఎవరైనా అంటే నేను టొయోటా కథ చెప్తాను. 2023 ఆగస్టు 29న జపాన్‌లో టొయోటా కర్మాగారాలు పద్నాలుగూ ఆగిపోయాయి. దాడి ఏదో జరిగిందని జనం ఊహించారు. కంపెనీ తరవాత చెప్పిన కారణం వేరు. విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వర్లలో ఆగస్టు 27న మామూలుగా జరిగే నిర్వహణ పని చేశారు. డేటాబేసులో పేరుకున్న సమాచారాన్ని తీసి సర్దుతుండగా డిస్కులో చోటు చాలక వ్యవస్థ ఆగిపోయింది. ప్రత్యామ్నాయంగా పెట్టుకున్న సర్వర్లు కూడా అదే వ్యవస్థ మీద నడుస్తుండటంతో వాటికీ అదే గతి పట్టింది. చివరికి ఎక్కువ చోటున్న సర్వరుకి సమాచారాన్ని మార్చాక గానీ పని మొదలవలేదు.

ఇందులో మనకి రెండు పాఠాలున్నాయి. సర్దడానికి కూడా ఖాళీ చోటు కావాలి అన్నది మొదటిది. ఇల్లు సర్దేటప్పుడు వస్తువులన్నీ ముందు హాల్లోకి వస్తాయి కదా, డేటాబేసూ అంతే. కాబట్టి డిస్కు మొత్తాన్ని మొదటిరోజే పంచెయ్యకండి. సర్వర్లో ఎల్‌వీఎం వాడి, ఐదో వంతు చోటు ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెట్టండి. ఏది నిండబోతే దానికి ఆ చోటులోంచి తీసి ఇవ్వొచ్చు, యంత్రాన్ని ఆపకుండానే. పెంచడం తేలిక, కుదించడం కష్టం. ఈఎక్స్‌టీ4ని కుదించాలంటే అన్‌మౌంటు చెయ్యాలి. ఎక్స్ఎఫ్ఎస్ అయితే ఉన్నచోట కుదించి చోటు వెనక్కి తీసుకునే ఆశ పెట్టుకోవద్దు.

రెండో పాఠం, ఒకే నేల మీద ఉన్నవి ఒకేసారి మునుగుతాయి అన్నది. దాని గురించి చివర్లో చెప్తాను.

సర్వర్ల విషయంలో స్థాపకాన్ని గుడ్డిగా నమ్మడం కూడా ప్రమాదమే. 2014లో వచ్చిన రెడ్‌హాట్ 7, దాని తోడబుట్టిన సెంటాస్ 7 గుర్తున్నాయా? పెద్ద డిస్కు ఇచ్చి అన్నీ నువ్వే చూసుకో అంటే రూటుకి 50 గిగాబైట్లు పెట్టి మిగతాదంతా /హోమ్‌కి రాసిచ్చేవి. మనుషులు కూర్చుని పనిచేసే యంత్రానికి అది బాగుంటుంది. డేటాబేసు సర్వర్లో /హోమ్‌లో ఎవరున్నారు? రూటులోని /వార్ ఊపిరాడక కొట్టుకుంటుంటే, /హోమ్ ఖాళీ బంగళాలా ఉండేది. పైగా ఎక్స్ఎఫ్ఎస్ కాబట్టి కుదరదు. /హోమ్‌ని పూర్తిగా తీసేసి మళ్ళీ కట్టాల్సిందే. సెంటాస్ 7 కాలం 2024 జూన్ 30తో తీరిపోయింది గానీ ఆ పాఠం తీరలేదు: స్థాపకానికి మీ యంత్రం ఏం పని చెయ్యబోతోందో తెలియదు, మీకు తెలుసు.

సరే, పద్దు వేద్దాం. 256 గిగాబైట్ల ఎస్ఎస్‌డీ ఉన్న పాత లాప్‌టాపు, లినక్సు ఒక్కటే వేసుకుంటున్నారు అనుకోండి. వ్యవస్థ లెక్కలో అది సుమారు 238 గిగాబైట్లే చూపిస్తుంది. అమ్మేవాడు వెయ్యితో లెక్కేస్తాడు, వ్యవస్థ 1024తో లెక్కేస్తుంది, మోసమేమీ లేదు. యంత్రం మొదలవడానికి కావలసిన ఈఎఫ్ఐ పార్టిషన్‌కి ఒక గిగాబైటు. రూటుకి 70. డాకర్ వాడేవాళ్ళైతే 100. మిగతాది /హోమ్. /వార్, /టెంప్ వేరు చెయ్యక్కర్లేదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అయితే /టెంప్‌ని మామూలుగానే జ్ఞాపకంలో పెడుతుంది.

స్వాప్‌కి రామ్ కంటే రెట్టింపు అన్న పాత సూత్రం మెగాబైట్ల రోజులది. ఇప్పుడు దానికి ప్రత్యేక పార్టిషన్ కూడా తప్పనిసరి కాదు, నాలుగు గిగాబైట్ల స్వాప్ ఫైలు చాలు. మూత వేసి హైబర్నేట్ చేసే అలవాటుంటే మాత్రం రామ్ ఎంత ఉందో అంత ఇవ్వండి.

ఈఎక్స్‌టీ4 తనలో ఐదు శాతం చోటు రూటు వాడుకరి కోసం దాచిపెడుతుంది. రూటు పార్టిషన్లో దాన్ని అలాగే ఉంచండి, ఆపదలో అదే ఆదుకుంటుంది. /హోమ్‌లో మాత్రం ఒక శాతానికి తగ్గించుకోవచ్చు.

ప్రవాసంలో ఉన్న మనకి ఇంకో సంగతి. మన లాప్‌టాపులో పాస్‌పోర్టు కాపీలు, సీపీఆర్ కార్డు కాపీలు, అటెస్టేషన్ చేయించిన డిగ్రీలు, బ్యాంకు కాగితాలు అన్నీ ఉంటాయి. విమానాశ్రయంలో పోతే? /హోమ్ ఒక్కదానికే తాళం వేస్తే చాలదు, స్వాప్‌లోనూ తాత్కాలిక ఫైళ్ళలోనూ అవే కాగితాల ముక్కలు మిగులుతాయి. అందుకని స్థాపకంలో ఎన్‌క్రిప్షన్ అడిగినప్పుడు మొత్తం డిస్కుకే తాళం వెయ్యండి. దీనికి /బూట్ అనే చిన్న పార్టిషన్ వేరుగా కావాల్సి రావొచ్చు. దానికి కూడా ఒక గిగాబైటు ఇవ్వండి. పాత కెర్నెళ్ళు చేరి అది నిండిపోతే కొత్త కెర్నెల్ ఎక్కదు.

విండోస్‌ని ఉంచుకుని పక్కనే లినక్సు వేసేవాళ్ళు డిస్కుని ముట్టుకోకముందే విండోస్‌లో బిట్‌లాకర్ ఉందేమో చూసుకోండి. ఉంటే దాని రికవరీ తాళం సంఖ్యని కాగితం మీద రాసి పెట్టుకోండి. చాలామందికి తమ డిస్కుకి తాళం ఉందనే తెలియదు. ఆ సంఖ్య అడిగే తెర వచ్చాక వెతుక్కుంటే ఆలస్యమైపోతుంది.

ఇప్పుడు దాచిపెట్టిన రెండో పాఠం. మన తెలుగువాళ్ళలో డీ డ్రైవు మీద ఒక గుడ్డి నమ్మకం ఉంది. "ఫొటోలన్నీ డీలో కాపీ పెట్టా, భయం లేదు" అంటారు. లినక్సుకి వచ్చాక అదే నమ్మకం /హోమ్ మీదికి మారుతుంది. సీ, డీ రెండూ ఒకే డిస్కు మీద ఉన్నాయి. రూటు, /హోమ్ రెండూ ఒకే ఎస్ఎస్‌డీ మీద ఉన్నాయి. గట్టు పక్క మడి నీళ్ళని ఆపుతుంది గానీ వరదని ఆపదు. ఎస్ఎస్‌డీ పోయేటప్పుడు చాలాసార్లు చప్పుడు కూడా చెయ్యదు. నిన్నటిదాకా బాగుండి ఇవాళ బయోస్‌కి కనిపించడం మానేస్తుంది. లాప్‌టాపు దొంగిలించినవాడు రూటుని తీసుకుని /హోమ్ వదిలి వెళ్ళడు. ఎక్కువ చోటున్న వేరే సర్వరు కాబట్టే టొయోటా తేరుకుంది.

కాబట్టి స్థాపకం మొదలుపెట్టే ముందు ఒక బయటి డిస్కులోకి ముఖ్యమైనవన్నీ కాపీ చేసి, ఆ డిస్కు తీగ లాగేసి పక్కన పెట్టండి. తీగ లాగెయ్యడం ముఖ్యం. స్థాపకం తెరమీద రెండు డిస్కులు ఒకే పరిమాణంలో కనిపిస్తే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. కాపీ చేశాక నాలుగు ఫొటోలు తెరిచి కూడా చూడండి. ఈసారి సెలవుకి ఊరెళ్ళినప్పుడు ఇంకో కాపీ అమ్మావాళ్ళ ఇంట్లో బీరువాలో పెట్టి రండి. బుదైయాలో ఒకటి, భీమవరంలో ఒకటి. ఈ రెండింటి మధ్య ఉన్న సముద్రాన్ని మించిన పార్టిషన్ ఏ స్థాపకమూ ఇవ్వలేదు.

ఆ తరవాత గట్లు ఎన్నైనా వేసుకోండి, తప్పినా మళ్ళీ వేసుకోవచ్చు. కాకపోతే వేసే ప్రతిదాని దగ్గరా ఒక్క క్షణం ఆగి, ఇది దేన్ని ఆపడానికి అని అడగండి. జవాబు వస్తే ఎంటర్ నొక్కండి.